రాతిబండ గుర్తు

ఎచ్చెర్లలో ఎక్కిన బస్సులో నా పక్కన ఒక ముసలి మత్స్యకారుడు కూర్చున్నాడు. నా ఫోనులో మ్యాప్ చూసి ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి తనే మాట కలిపాడు.

"సముద్రం అడుగున సేపలు సేరే రాతిబండ ఉన్నాది. పడవ మీంచి సూసినప్పుడు ఒడ్డున కొండా, తాటితోపూ ఒక్క వరసలోకొస్తే అదే సోటు. మా అయ్య నాకొక్కడికే సెప్పినాడు. ఆ గుర్తు ఫోన్లో ఎట్టుకో, నీ దగ్గరే ఉంటాదని మా ఊరొచ్చి ఫోను మీద ట్రైనింగిచ్చినోలు సెప్పినారు. ఎట్టినాను. మర్నాడు ఎల్తే ఎవులెవులియో పడవలు ఆ బండ మీదే ఉన్నాయి."

"ఆ ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళను అడగలేదా?"

"అడిగినాను. సమాచారం అందరికీ అందాలి కదా తాతా అన్నారు."

మీది ఏ ఊరని అడిగాను. నా చేతిలోని ఫోను వైపు చూశాడు.

"ముందు దాన్ని సంచిలో ఎట్టు, బాబూ."

పెట్టాను. అయినా ఊరి పేరు చెప్పకుండానే దిగిపోయాడు.