డాక్టరమ్మ మీద అక్క కుళ్లు

దర్జీ అక్క పెదాల మధ్య ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులు ఉంటాయి. మంగళవారం మాత్రం వాటిని కొరుకుతుంది. ఆ రోజు చెల్లెలు డాక్టరమ్మ దగ్గరికి వెళుతుంది. మనిషి కూర్చున్నచోటే ఉండి మనసు ఎటో వెళ్లిపోయే జబ్బు చెల్లెలిది. తిరిగొచ్చాక తనెవరో, ఎక్కడుందో కాసేపు తెలియదు. ఒక వైద్యుడు నరాల బలహీనత అన్నాడు, ఇంకొకాయన నటన అన్నాడు. చెప్పులు అరిగేలా తిరిగి, ఈ జబ్బు తెలిసిన డాక్టరమ్మని పట్టుకున్నది అక్కే. ఇప్పుడు ఆవిడ పేరు వింటే ఒళ్లు మండేదీ అక్కకే. మూసిన తలుపు వెనక చెల్లెలు పకపకా నవ్వుతుంటే బయట బల్ల మీద కూర్చుని, “నా దగ్గర ఎప్పుడైనా ఇలా నవ్విందా?” అని కుళ్లుకుంటుంది. ఇన్నేళ్లూ మణికట్టు పట్టుకుని, “చిట్టీ, ఇటు రావే” అని పిలిచి వెనక్కి తెచ్చింది తను కాదూ!

నిన్న కొట్లో గుండీలు కుడుతూ కుడుతూ చెల్లెలు ఆగిపోయింది. చూపు గోడ దాటిపోయింది. అక్క సూదులు ఉమ్మేసి, చెయ్యి చాచి పరుగెత్తింది. ఈలోగా చెల్లెలు, డాక్టరమ్మ నేర్పినట్టే, చల్లటి ఇనుప స్కేలు అరచేత్తో పట్టుకుని కనబడినవాటి పేర్లు మెల్లగా చెప్పుకుంది. “స్కేలు... నీలం దారం... కిటికీ...” ఆ వరుసలో తను లేకపోవడం అక్క గమనించింది. చెల్లెలి కళ్లలోకి వెలుగు వచ్చింది.

“అక్కా, నా అంతట నేనే వచ్చేశాను!”

“మీ డాక్టరమ్మకి చెప్పుకో, పొంగిపోతుంది.”

“ఆవిడకి మంగళవారం చెప్తాలే. ముందు నీకు చెప్పనీ.”

చాచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక, అక్క చెల్లెలి నుదుటి మీద లేని చెమట తుడిచింది.