కాబ్లర్ అన్న మాట

మా బావ ఈలై టారీ ముందు ఎవరైనా నోరుజారి ‘కాబ్లర్’ అన్నారంటే ఆ పూట తగువు తప్పదు. నార్తాంప్టన్‌లో సగం ఊరు బూట్లు కుట్టే బతికేది. కొత్త తోలు కోసి కొత్త జోడు కుట్టేవాడు కార్డ్‌వెయినర్. తెగినవాటికి మాసికలు వేసేవాడు కాబ్లర్. ఏ పనైనా అతుకులబొంత చేసి పాడుచేసేవాణ్ణి కూడా మావాళ్ళు అదే మాటతో తిట్టేవారు. బయటివాళ్ళకు ఈ తేడాలు పట్టేవి కావు. అందర్నీ కలిపి ‘స్నాబ్’ అనేసేవారు. ఇప్పుడా మాట గొప్పవాళ్ళ కొంగు పట్టుకు తిరిగేవాళ్ళకు పోయింది.

బావకీ మా అక్క డోర్కస్‌కీ ఒక్కడే కొడుకు, రూబెన్. వాడి ఎడమపాదం చిటికెనవేలు కాస్త పక్కకు పొడుచుకొచ్చి ఉండేది. అక్కడ ఒరుసుకోకుండా బావ చెక్క అచ్చుకు తోలుముక్క అతికించి, ఆ మేర ఉబ్బెత్తుగా వచ్చేలా బూట్లు కుట్టి ఇచ్చాడు.

కుట్టుమిషన్లు వచ్చిన ఏడు అవి వద్దని ఊరంతా సమ్మె కట్టింది. పొయ్యిలో పిల్లి లేవని రోజులవి. ఒక సాయంత్రం రూబెన్ చెప్పేశాడు.

“నాన్నా, రేపట్నుంచి నేను మిషన్ మీద పనికి వెళ్తున్నా.”

బావ తలెత్తలేదు. “నీకు నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది. నువ్వు కాబ్లర్‌వి రా. కాబ్లర్‌కి ఈ ఇంట్లో కంచం లేదు.”

“కంచం ఉండి మాత్రం ఏం లాభం? అందులో వేసేదేముందని?” అని నవ్వాడు రూబెన్. వాడు తమాషాకే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

తెల్లారేసరికి వాడు ఇంట్లో లేడు. మిషన్ దగ్గరకూ పోలేదు. లండన్ దారిలో చూశామని ఎవరో అన్నారు.

సమ్మె ఓడిపోయింది. చేతిపని అడిగే దిక్కు లేకుండా పోయింది. ఏడాది గడిచాక అక్కా, బావా, నేనూ లండన్ చేరాం. పని కోసమని బావ అనేవాడు. కొడుకు కోసమని మా ఇద్దరికీ తెలుసు.

సెవెన్ డయల్స్ అనే పేదవాడ వీధుల కింద నేలమాళిగలో దొరికింది బావకీ నాకూ పని. చచ్చినవాళ్ళవీ, పారేసినవీ పాత బూట్లు గోతాల్లో వచ్చేవి. ఒకదాని పైతోలు, ఇంకొకదాని అడుగు కలిపి, పగుళ్ళలో మసి పూసి కొత్తవాటిలా చేసి అమ్మేవారు. ఈ పనివాణ్ణి ‘ట్రాన్స్‌లేటర్’ అనేవారు. ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే పండితుడికీ, పాత జోడును కొత్తగా మార్చే మాకూ ఒకటే పేరు. కాబ్లర్ కూడా మమ్మల్ని చిన్నచూపే చూసేవాడు.

“ఏం కార్డ్‌వెయినర్ దొరా, ఈ పీనుగు మడమకి నీ పనితనం కాస్త అంటించు” అని పక్క పీట మీది నాట్ క్రిస్ప్ రోజూ దెప్పేవాడు. బావ వంచిన తల వంచినట్టే మసి పూసుకుంటూ పోయేవాడు.

నవంబరులో ఒక పొద్దున కొత్త గోతం గుమ్మరించారు. బావ ఒక ఎడమకాలి బూటు అందుకున్నాడు. అతని చేతి బొటనవేలు, చిటికెనవేలు ఉండేచోటి ఉబ్బు మీద ఆగిపోయింది.

“హెస్టర్, ఆ దీపం ఇలా తే.”

తెచ్చాను. చూడగానే నాకూ తెలిసిపోయింది.

దాని జతనూ వెతికి తీసుకుని, ఆ గోతం అమ్మిన పిడ్జిలీ అనే ఆమె దగ్గరకు ఇద్దరం పరుగెత్తాం. “జ్వరాల ఆసుపత్రి సరుకయ్యా. పోయినోళ్ళవి” అందామె. ఆసుపత్రికి వెళితే అక్కడి కాపలావాడికి ఆ బూట్లు గుర్తున్నాయి.

“నార్తాంప్టన్ కుర్రాడు. ఇవి దిండు కింద పెట్టుకునేవాడు. మా నాన్న కుట్టాడని వచ్చినోళ్ళందరికీ చూపించేవాడు. పోయిన నెలలో పోయాడు. అందరితోపాటే పెద్ద గోతిలో పెట్టారు.”

“ఏం పని చేస్తానన్నాడు?” అని అడిగాడు బావ.

“కాబ్లర్‌నని చెప్పాడయ్యా.”

ఇంటికొచ్చాక అక్కకు తనే అంతా చెప్పాడు, ఆ చివరి మాటతో సహా. నేనైతే దాచేదాన్ని.

అక్క ఏడవలేదు. ఆ బూట్లు అతని చేతుల్లోంచి తీసుకుంది.

“వాడికి బారసాల రెండుసార్లు చేశావయ్యా. మొదటి పేరు చాల్లేదు నీకు.”

“డోర్కస్...”

“నన్ను పిలవకు.”

ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని నార్తాంప్టన్ వచ్చేసింది. ఇద్దరం ఫ్యాక్టరీలో మిషన్ మీద పైతోళ్ళు కుట్టే పనిలో చేరాం. బావ లండన్‌లోనే ఉండిపోయాడు. ఆదివారాలు కొడుకును పెట్టిన శ్మశానానికి వెళ్తాడనీ, గొయ్యి ఏదో తెలియక గోడ పక్కన నిలబడి వస్తాడనీ ఊరివాళ్ళెవరో చెప్పారు.

మరుసటి చలికాలంలో బావ పోయాడని నాట్ క్రిస్ప్ కబురు పంపాడు. మిషన్ల రొదలో అక్క చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆమె కాలు ఆగింది.

“ఎక్కడ పెట్టారట? వాడి పక్కనేనా?”

“తెలీదటక్కా.”

కాసేపు సూది వైపే చూస్తూ కూర్చుంది. మేస్త్రీ ఇటు తిరిగాడు. అక్క తోలు సరిచేసుకుని మళ్ళీ మిషన్ తొక్కింది.