నా నంబరు పక్కన రాసిన మాట

డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు కాలేజీ గోడకు అంటించిన కాగితాల్లో నా హాల్ టికెట్ నంబరు పాసైనవాళ్లలో లేదు. ఫెయిలైనవాళ్లలోనూ లేదు. చివరి కాగితం అడుగున విడిగా టైపు చేసిన నాలుగు నంబర్లలో ఉంది. వాటి పక్కన ‘విత్‌హెల్డ్’ అని ఒకే మాట. ఆపి ఉంచారని అర్థం. ఎందుకు ఆపారో, ఎన్నాళ్లు ఆపుతారో ఆ గోడ మీద ఎక్కడా లేదు.

ఎనభైల మొదటి సంగతి ఇది. మేం వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి, అంటే రైతులు తెచ్చిన మిర్చినీ పత్తినీ కాంటా వేసే మనిషి. సీజన్‌లో అమ్మ కూడా అదే యార్డులో మిర్చికి తొడిమలు తీసేది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. బీఎడ్ చేసి టీచర్‌ని కావాలని నా ఆశ. దరఖాస్తుకు మార్కుల మెమో జత చెయ్యాలి. గడువు ఐదు వారాలుంది. చాలా టైముందనుకున్నాను.

మరునాడు యూనివర్సిటీకి వెళ్లాను. పరీక్షల విభాగానికి ఒక కిటికీ, దానికి ఇనుప జాలి, జాలి కింద చెయ్యి దూరేంత సందు. అవతల కూర్చున్న గుమాస్తా నా నంబరు చూసి తల అడ్డంగా ఊపాడు.

“విత్‌హెల్డా? అది కాన్ఫిడెన్షియల్ అమ్మా.”

“నా రిజల్టే కద సార్. నాకు చెప్పనీకి కాన్ఫిడెన్షియల్ ఏంది?”

“గవన్నీ మాకెర్కలేదు. పైనుంచి ఆర్డరస్తె చెప్తం. వచ్చే సోమారం రా.”

సోమవారం వెళ్తే ఫైలు ఇంకో సెక్షన్‌లో ఉందన్నాడు. బుధవారం వెళ్తే ఆఫీసర్ లీవులో ఉన్నాడన్నాడు. దరఖాస్తు పెట్టుకోమంటే ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. దాన్ని తీసుకుని బల్ల మీది రాయి కింద, మిగతా కాగితాల మీద పెట్టాడు. రసీదు అడిగితే నవ్వాడు. “ఎందుకమ్మా, మా మీద నమ్మకం లేదా?” అన్నాడు. వారం తర్వాత వెళ్లి ఆ దరఖాస్తు ఏమైందని అడిగితే, ఏ దరఖాస్తు అని అడిగాడు.

నాకు కాలు ఒక చోట నిలిచేది కాదు. ఇంట్లో ఉంటే ఈ నిమిషంలో అక్కడ ఎవరైనా నా ఫైలు తెరిచి ఉంటారేమో, నేను లేనని మళ్లీ మూసేస్తారేమో అనిపించేది. అక్కడికి వెళ్లి కిటికీ ముందు నిలబడితే, ఇంటికి ఉత్తరం వచ్చిందేమో, పోస్టుమాన్ తలుపు తట్టి పోయాడేమో అనిపించేది. బియ్యంలో రాళ్లు ఏరి, ఏరిన బియ్యాన్నే మళ్లీ చాటలో పోసుకుని కూర్చునేదాన్ని. అమ్మ చాట లాక్కుని “నువ్వు జర బయట తిరిగిరా పో బిడ్డా” అనేది.

అన్నిటికన్నా పాడు పని ఇంకోటి చేశాను. పరీక్షలన్నిటినీ ఒక్కొక్కటే మళ్లీ గుర్తుకు తెచ్చుకుని నా తప్పు వెతకడం మొదలుపెట్టాను. మూడో పేపరు నాడు పెన్నులో ఇంకు అయిపోయింది. వెనక అమ్మాయిని అడిగి రెండు చుక్కలు పోయించుకున్నాను. అప్పుడు హాల్లో ఉన్న సారు మా వైపు చూశాడు. చూశాడా? చూసి ఏమైనా రాసుకున్నాడా? మొదట్లో చూశాడో లేదో నాకే అనుమానం. పదిహేను రోజులు తిరిగేసరికి ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నట్టు కళ్లకు కట్టినట్టు కనపడసాగింది. చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి మనసు తయారవుతోంది.

ఆ వారమే వర్ధన్నపేట నుంచి మేనమామ వచ్చాడు. మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టకముందే అమ్మను అడిగాడు.

“పిల్ల కాపీ కొడుతుంటె పట్టుకున్నరంట గద అక్కా? బస్టాండ్ల చెప్పుకుంటాండ్రు.”

అమ్మ నా వైపు చూసింది. అనుమానంతో కాదు, కాదని గట్టిగా చెప్పమని.

“కాదు మామా. నేనేం కాపీ కొట్టలె.”

“మరి ఎందుకాపిండ్రు?”

 మామ చెడ్డవాడు కాదు. నా వైపు జాలిగానే చూశాడు. ఆ జాలి చూశాక కారణం రాయకుండా వదిలేసిన ఖాళీలో ఊరు తనకు తోచింది రాసుకుంటుందని తెలిసింది. ఆ ఖాళీని వదిలిన మనిషికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

మర్నాడు నాయిన పని మానుకుని నాతో వచ్చాడు. ఉతికిన అంగీ వేసుకుని, తువ్వాల చేతిలో పట్టుకుని జాలి ముందు నిలబడ్డాడు.

“సార్, మా కాంటా కాడ రైతు ముంగటనే తూకమేస్తం. ఆయిన కండ్లతోని ముల్లు సూస్తడు. తక్కువస్తె ఎందుకు తక్కువొచ్చిందని అడుగుతడు. చెప్తం. నా బిడ్డ రాసిన పరీచ్చకు ఏమైందో నా బిడ్డకే చెప్తలేరు. గిదేం పద్ధతి?”

“పెద్దమనిషీ, ఇది మార్కెట్ కాదు. యూనివర్సిటీ” అన్నాడు గుమాస్తా.

వెనక లైనులో ఉన్న ఇద్దరు నవ్వారు. నాయిన చెవులు ఎర్రబడ్డాయి. తువ్వాల భుజాన వేసుకుని పక్కకు జరిగాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా అన్నాడు, “ఎవలన్న లీడర్‌తోని చిట్టి రాపిచ్చుకొస్తె పని అయితదని గేటు కాడ బంట్రోతు ఒకడు అంటాండు బిడ్డా. అడుగుదామా?”

“వద్దు నాయినా. తప్పు చేసినమని ఒప్పుకున్నట్టే ఉంటది.”

నాయిన సరేనన్నాడు. కానీ గడువుకు రెండు వారాలే మిగిలాయి. ఆ మాట అనుకున్నంత ధైర్యంగా అనలేదు నేను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుంటున్న టైపిస్టు అక్క నన్ను పలకరించింది. నలభై ఏళ్లుంటాయి. రోజూ జాలి వెనక మూల కూర్చుని టైపు చేస్తూ కనపడేది. ఎప్పుడూ తల ఎత్తగా చూడలేదు.

“నువ్వు రోజస్తవు గద చెల్లె? చేతికిచ్చిన కాయితానికి దిక్కుండదు. రిజిస్టర్ పోస్టుల పంపు. అందినట్టు సంతకం చేసే కార్డు కూడ పెట్టు. తపాలల వచ్చినదానికి ఇన్‌వర్డ్ నంబరు పడ్తది. రిజిస్టర్ల నంబరు పడ్డంక రాలేదని ఎవ్వలనలేరు.”

సీసాకు మూత బిగిస్తూ అటూ ఇటూ చూసింది.

“ఇంకోటి. ఎందుకాపిండ్రని రాయకు. కాన్ఫిడెన్షియల్ అంటరు. నా రిజల్టియ్యనీకి ఇంకా ఏ కాయితం రావాల్నని రాయి. గట్ల అడిగితె జవాబియ్యాలె. నేను చెప్పిన్ననకు.”

ఆ సాయంత్రమే హెడ్ పోస్టాఫీసులో ఉత్తరం వేశాను. నాలుగో రోజు కార్డు తిరిగి వచ్చింది, ఊదారంగు ముద్రతో. దాన్ని పట్టుకుని వెళ్తే గుమాస్తా మొదటిసారి కుర్చీలోంచి లేచి లోపలికి పోయాడు. కాసేపటికి సెక్షన్ ఆఫీసర్ రమ్మంటున్నాడని చెప్పాడు.

ఆఫీసర్ పెద్దాయన, మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. ఫైలు తాడు విప్పి తన వైపు తిప్పుకుని తెరిచాడు. నెల రోజులుగా కిటికీ ఇవతల నిలబడి అవతలి కాగితాలు చూస్తూ చూస్తూ నాకు తలకిందుల అక్షరాలు చదవడం వచ్చేసింది. పైకాగితం మీద మా నాలుగు నంబర్లు, కింద ఒక లైను. కెమిస్ట్రీ ప్రాక్టికల్ మార్కులు కాలేజీ నుంచి అందలేదు.

ఆయన అరచెయ్యి దాని మీద పడింది.

“చూడొద్దమ్మా. ఇది ఆఫీసు ఫైలు. జవాబు పోస్టులో వస్తుంది.”

“మంచిది సార్” అని లేచాను. గుమ్మం దాటగానే పరుగెత్తాను. మెట్ల మీద నవ్వు వచ్చింది. గేటు దగ్గరికి వచ్చేసరికి కోపం వచ్చింది. ఒక్క లైను. మొదటి రోజే ఆ జాలి సందులోంచి చెప్పగలిగిన ఒక్క లైను.

కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించిన సారు బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. ల్యాబు అటెండరు అల్మారా తెరిచి, యాసిడ్ సీసాల పక్కన వెతికితే మా చివరి బ్యాచి నలుగురి మార్కుల కవరు దొరికింది. లక్క ముద్ర వేసి ఉంది. అడ్రసు రాసి ఉంది. పంపడమే మరిచిపోయారు. నేనే తీసుకుపోయి ఇస్తానంటే ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. అది కాన్ఫిడెన్షియల్ కవరు, నీ చేతికివ్వకూడదన్నాడు. అటెండరు సైకిల్ మీద బయల్దేరాడు. నేను బస్సెక్కి అతని కన్నా ముందే చేరి, అతను వచ్చి కవరు ఇచ్చి సంతకం తీసుకునేదాకా గేటు దగ్గర అటూ ఇటూ తిరిగాను.

సెకండ్ క్లాసులో పాసయ్యాను. మెమో చేతికొచ్చేసరికి బీఎడ్ గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఆ తర్వాత ఇంకో వారానికి నా రిజిస్టర్ ఉత్తరానికి జవాబు వచ్చింది. మీ విషయం పరిశీలనలో ఉన్నదని. నాయిన దాన్ని చదివించుకుని చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వర్ధన్నపేటలో కొందరికి నేను ఆ తర్వాత చాలా ఏళ్లు కాపీ కొట్టి దొరికిన పిల్లనే.

బీఎడ్ చెయ్యనే లేదు. ఆ ఖాళీ ఏడాది హన్మకొండలో టైపు నేర్చుకున్నాను. కొన్నేళ్లకు పరీక్ష రాసి అదే యూనివర్సిటీలో జూనియర్ అసిస్టెంటునయ్యాను. కొంతకాలానికి పరీక్షల విభాగంలో వేశారు. వచ్చిన పిల్లలకు నేను కారణం చెప్పేసేదాన్ని. మీ ఫీజు చలానా రాలేదు, మీ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, మీ కాలేజీకి వెళ్లి ఫలానా కాగితం పంపించమనండి అని. నాలుగు నెలలు సాగింది. ఐదో నెల నాకు మెమో ఇచ్చారు. ఫైళ్లలోని విషయాలు బయటివాళ్లకు చెప్తున్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

చాలా కాగితాలు చింపేశాక రెండు వాక్యాలు రాశాను. నేను ఎవరికీ ఫైలు చూపించలేదు. వాళ్ల సంగతి వాళ్లకు చెప్పాను, వాళ్లను నేను బయటివాళ్లనుకోలేదు.

నన్ను స్టోర్సుకు మార్చారు. ఖాళీ జవాబు పత్రాల కట్టలు ఎక్కించి దింపించే పని. అక్కడ ఆరేళ్లున్నాను. తప్పు చేశానని ఒక్కసారీ అనిపించలేదు. కానీ ఇప్పుడు ఆ కిటికీ దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో అని ప్రతి ఫలితాల సీజన్‌లో చేతిలోని పని ఆగిపోయేది.

సమాచార హక్కు చట్టం వచ్చేసరికి నేను సూపరింటెండెంటునై తిరిగి అదే విభాగంలో ఉన్నాను. మాకు వచ్చిన మొదటి దరఖాస్తు రూళ్ల నోటుబుక్కు కాగితం మీద, తెలుగులో ఉంది. నా కొడుకు రిజల్టు ఎందుకాపినారో తెలుపగలరు అని ఒక తల్లి రాసింది. ఆఫీసర్ దాన్ని చదివి నా ముందు పెట్టి, “ఏ సెక్షన్ కింద కాదనొచ్చో చూడండి మేడం” అన్నాడు. ఆయనా చెడ్డవాడు కాదు. మాకందరికీ వచ్చిన విద్య అదే.

చట్టం పుస్తకం రెండుసార్లు చదివాను. కాదనడానికి ఏ సెక్షనూ దొరకలేదు. ‘ఇవ్వవలెను’ అని నోట్ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. రోజూ ఏదో ఒక వంకతో ఆ గదిలోకి వెళ్లి నోట్ ఎక్కడుందో చూసి వచ్చేదాన్ని. ఒకరోజు పైన ఉండేది, ఒకరోజు కింద ఉండేది. ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం సంతకం పెట్టాడు. బంట్రోతును పిలవకుండా నేనే జవాబును కవరులో పెట్టి అంటించి తపాలా సెక్షన్‌కు నడిచాను.