కుర్చీల పిన్ని బండికి మూత

కుర్చీల పిన్నికి ఒక అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా, కూర్చోమని కుర్చీ చూపిస్తే వెంటనే కూర్చోదు. ముందు వంగి దాని కింద చూస్తుంది. పైన ఎంత తళతళలాడినా సరే, అడుగున పట్టీ వదులైందా, స్ప్రింగు పక్కకి ఒరిగిందా, గుడ్డ చిరిగిందా అని చూసి, "ఊఁ" అనుకుని అప్పుడు కూర్చుంటుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారి పడక్కుర్చీని కూడా ఇలాగే తిరగేసి చూసిందట. అత్తగారు గుమ్మంలో నిలబడి, "కొత్త కోడలు అప్పుడే ఏదో పారేసుకున్నట్టుంది, వెతుక్కుంటోంది" అన్నారట. పారేసుకున్నదేమీ లేదు. లోపల ఏముందో చూడకపోతే ఆవిడకి అన్నం సహించదు, అంతే.

ఆ గుణమే ఆవిడకి బతుకుదెరువైంది. ఇంటి ముందుగదే పనిచోటు. ఒక గోడకి ఫోము పలకలు, ఇంకో గోడకి గుడ్డల చుట్టలు, మధ్యలో ఎప్పుడు చూసినా పొట్ట చీల్చిన సోఫా ఒకటి. మూల కుట్టుమిషను దగ్గర ఆడపడుచు. పికప్ బండి నడిపేది మొగుడు. ఆయన్ని వీధివీధంతా తాళ్ల బాబాయి అంటుంది. బండి వెనక తొట్టిలో ఎంత సామాను ఉన్నా మీద టార్పాలిన్ కప్పి, తాళ్లు లాగి, ముడి మీద ముడి వేసి కట్టాడంటే గాలి కూడా ఆయన్ని అడిగే దూరాలి.

నీళ్లు మాత్రం అడగలేదు. కథంతా అక్కడే మొదలైంది.

ఊళ్లో నాటకాల హాలు ఒకటుంది. అందులో కింది అంతస్తు కుర్చీలన్నిటికీ కొత్త ఫోము, కొత్త ఎర్ర వెల్వెట్టు వేసే పని పిన్నికి దొరికింది. ఆవిడ ఎన్నో ఏళ్లుగా కన్నేసి ఉంచిన పని అది. నాటకం చూడ్డానికి వెళ్లి, తెర లేచినా సీటు కింద చెయ్యి పెట్టి తడుముతూ కూర్చున్న మనిషి మరి. మూడేసి కుర్చీలు ఇనప కాళ్ల మీద ఒక వరసగా అతుక్కుని ఉంటాయి. కొన్ని వరసలు ఇంటికి తెచ్చుకోవడం, బాగుచేసి తిరిగి ఇవ్వడం, మళ్లీ కొన్ని తెచ్చుకోవడం. ఇదీ ఏర్పాటు.

మొదటి విడత తిరిగి ఇచ్చే రోజున వాన పట్టుకుంది. బాబాయి కట్టిన తాడు ఒక్కటి సడలితే ఒట్టు. కానీ టార్పాలిన్ నడుమ గుంట పడింది. గుంటలో నీళ్లు నిలిచి చిన్న చెరువైంది. ఆ చెరువు తాళ్లు దూర్చిన కన్నాల్లోంచి తీరిగ్గా, బొట్టు వెనక బొట్టుగా, ఎర్ర వెల్వెట్టు మీదికి దిగింది. హాలు మేనేజరు వచ్చి ఒక సీటు మీద బొటనవేలు నొక్కాడు. వేలి చుట్టూ నీళ్లు ఊరాయి.

మేనేజరు అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండును.

"పిన్నిగారూ, మీ చేతిపనికి వంక పెట్టలేను. కానీ ఫోము ఒకసారి తడిసిందంటే తర్వాత కంపు కొడుతుంది. డబ్బిచ్చి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని నాటకం చూడరు కదా. ఇవి ఆరబెట్టి తీసుకురండి. రెండో విడత కూడా ఇలా తడిసొస్తే మాత్రం మిగతా పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. ఏమనుకోకండి."

వానాకాలం ఇంకా సగమైనా గడవలేదు. ఇంటికొచ్చి విప్పిన ఫోము ముక్కల్ని ఫ్యాను కింద పరుస్తూ పిన్ని, "బండికి గట్టి మూత వేయిద్దాం" అంది.

"నా తాళ్లకేం వచ్చిందిప్పుడు?" అన్నాడు బాబాయి.

"తాళ్లకేం రాలేదు. కుర్చీలకే జలుబు చేసింది."

ఆడపడుచు మిషను ఆపింది. "అన్నయ్య కట్టుడికి వంక పెట్టకు వదినా. లోపలికి దిగిన నీళ్లు మళ్లీ బయటికి పోకుండా ఎంత గట్టిగా కట్టాడో చూశావుగా."

"నువ్వు నోరు ఆపి మిషను తొక్కుకోవే" అన్నాడు బాబాయి. కానీ మర్నాడు బండి తీసింది ఆయనే.

పెద్దరోడ్డు చివర బండ్ల సామాను అమ్మే షాపుంది. అక్కడ ఇలాంటి మూతలు బిగించిన బండ్లు మూడు వరసగా పెట్టి ఉన్నాయి. షాపతను సరదా మనిషి. మొదటిది చూపిస్తూ, ఇది ఒకటే పలక, పెట్టె మూతలా మొత్తం పైకి లేస్తుంది అన్నాడు. రెండోది మూడు పలకలు, పుస్తకంలా మడుచుకుంటూ ముందుకి తోసేయొచ్చు. మూడోది షట్టరు లాంటిది, లాగితే చుట్టుకుని ముందున్న డబ్బాలోకి పోతుంది.

బాబాయి మూడోదానికి పడిపోయాడు. సర్రున మూయడం, సర్రున తీయడం. పసిపిల్లాడి చేతికి గిలక్కాయ ఇచ్చినట్టయింది.

"ఇదే తీసుకుందామే. చూడు, ఎంత మెత్తగా పోతోందో."

పిన్ని అప్పటికే తొట్టిలోకి తల దూర్చింది. షట్టరు చుట్టుకునే డబ్బా ముందువైపు ఎంత చోటు తినేస్తుందో మోచెయ్యి ఆనించి కొలిచింది. "మూర పోయింది. మన కుర్చీల వరస నిలువునా పట్టదు. కావాలంటే నువ్వు ఇంకాసేపు ఆడుకో, తర్వాత వెళ్దాం" అంది. బాబాయి ఇంకోసారి సర్రుమనిపించి వదిలేశాడు.

రెండోదాన్ని ఆవిడ ముట్టుకోనైనా లేదు. మూడు పలకలంటే మధ్యలో రెండు అతుకులు. అతుకంటే కుట్టు లాంటిదే. పుట్టినప్పటినుంచీ గుడ్డలతో బతికిన మనిషికి ఒక సంగతి నరాల్లో ఇంకిపోయి ఉంటుంది. ఏ సీటైనా ముందు చిరిగేది కుట్టు దగ్గరే, నీళ్లు తాగేదీ కుట్టు దగ్గరే. "కుట్టు లేని చోట చినుకు దూరదు" అని తేల్చేసి ఒకటే పలక ఉన్న మూత మీద చెయ్యి వేసింది. బేరం అయిపోయినట్టే. షాపతను రసీదు పుస్తకం కోసం లోపలికి వెళ్లబోయాడు.

"ఆగండాగండి" అంది పిన్ని. "లోపల చూడొద్దూ?"

"ఇదిగో, తీసే ఉందిగా, చూడండి."

"అలా కాదు. నేను లోపల పడుకుంటాను, మీరు మూత వేసి పైన పైపుతో నీళ్లు కొట్టండి."

షాపతను ఆవిడ వంకా, బాబాయి వంకా మార్చిమార్చి చూశాడు. "అది సామాను పెట్టుకునే చోటండీ."

"నేను సామాను కన్నా తీసిపోయానా?"

"అబ్బే, అది కాదు. మూసిన బండిలోంచి ఆడమనిషి గొంతు వినబడితే రేపు నా షాపుకి ఎవరొస్తారు చెప్పండి."

"తాళం వేయకండి. మా ఆయన గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు."

"నిలబడతాను బాబూ" అన్నాడు బాబాయి. "ఇన్నేళ్లకి ఈ మనిషిని మూసిపెట్టే యోగం వచ్చింది. మీరేం అడ్డుపడకండి."

పిన్ని సంచిలోంచి నల్ల రెగ్జిను ముక్క తీసి తొట్టిలో పరిచింది. గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్దని నలిపి దాని మీద పలచగా చల్లింది. బొట్టు పడ్డ చోట తెలుపు పోయి నలుపు బయటపడుతుంది, ఇక దబాయించడానికి ఉండదు. తర్వాత కొంగు బిగించి, ఆ ముక్కని పక్కన పెట్టుకుని, వెనక డోరు వైపు కాళ్లు పెట్టి, ఊపిరి బిగబట్టి పడుకుంది. మూత పడింది.

కటిక చీకటి. కొత్త రబ్బరు వాసన. నెత్తిన నీళ్లు టపటపా మొదలయ్యాయి. పిన్నికి ఎక్కడ లేని హుషారు వచ్చింది. ఇన్నాళ్లూ సోఫాల కింద తల పెట్టి చూడ్డమే కానీ, ఇలా మొత్తం మనిషి లోపల ఉండి చూసే భాగ్యం ఎప్పుడు దొరికింది కనుక. పైన ఎక్కడా చెమ్మ లేదు. "నే చెప్పలా" అనుకుంటుండగానే కాళ్ల దగ్గర దారంలా ఒక వెలుగు గీత కనబడింది. వెలుగు వచ్చే చోట నీళ్లు రావా? చూస్తుండగానే చీలమండ చల్లబడింది.

"ఏమయ్యా, తియ్యి."

మూత తీసి చూస్తే రెగ్జిను ముక్క చివర సుద్ద జావైపోయి ఉంది. "ఒకటే పలక అన్నారు, ఇలా కారిందేం?" అంది పిన్ని.

షాపతను వంగి చూసి నవ్వాడు. "ఇది మూత తప్పు కాదండీ, తొట్టిది. ఏ బండికైనా వెనక డోరుకి పక్కల సందు ఉంటుంది. మీద ఎంత మంచి మూత వేసినా అక్కడ రబ్బరు పట్టీ, అదే బీడింగు, విడిగా అంటించుకోవాల్సిందే."

"ముందే చెప్పొద్దూ?"

"అటువైపు కాళ్లు పెట్టుకుని పడుకున్నవాళ్లు ఎవరూ లేరండీ ఇంతవరకూ. ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు."

అయితే ఇక ఆ అతుకుల దాన్ని కూడా చూసి తీరాల్సిందే అంది పిన్ని. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లని నిరూపించుకోవడానికి అందులోనూ దూరింది. రెండు అతుకులూ సరిగ్గా ముక్కు మీదా, మోకాళ్ల మీదా వచ్చాయి. ఇప్పుడు కారుతుంది, ఇదిగో ఇప్పుడు అని కళ్లు ఆర్పకుండా చూసింది. కారలేదు. "ఇంకా కొట్టండి" అని లోపల్నుంచి అరిచింది. షాపతను పైపు మూతి వేలితో నొక్కి జోరుగా కొట్టాడు. కాళ్ల దగ్గర డోరు సందు తడిపింది కానీ అతుకులు మాత్రం కారలేదు. మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నట్టు?

చెవి పక్క నుంచి సన్నగా ఏదో పారుతున్న చప్పుడు వినిపించింది. తల తిప్పి ఫోను లైటు వేసింది. తొట్టి అంచు పొడుగునా సన్న కాలవ లాంటిది ఉంది. అతుకు కింది రబ్బరు పట్టిన నీళ్లు దాని చివర్లోంచి ఆ కాలవలోకి, అక్కణ్ణుంచి మూలనున్న చిన్న గొట్టంలోకి పోతున్నాయి.

"ఏమయ్యా, బండి కింద చూడు, ఎక్కడైనా కారుతోందా?"

"ముందు చక్రం వెనకాల. సన్నగా, ధారలా."

పిన్ని లోపల పడుకునే నవ్వింది. బయటున్న షాపతనికి ఆ నవ్వు వినగానే చేతిలో పైపు జారినంత పనైంది. బయటికొచ్చాక ఆవిడ జుట్టు నిండా సుద్దే. "కుట్టు ఉంటే ఉంది. వచ్చిన నీళ్లకి దారి చూపించాడు చేసినవాడు, చూశారా. నేను ఇన్ని సీట్లు కుట్టాను, ఒక్కదానికైనా ఆ బుద్ధి పుట్టలేదు" అంది, తాను ఓడిపోయిన సంగతి మరిచిపోయి.

మడత మూతే తీసుకున్నారు. వెనక డోరుకి బీడింగు కూడా. "పొడుగు సామాను వస్తే మూత ముందుకి మడిచి నిలబెట్టుకోవచ్చు" అని షాపతను అనగానే, "అప్పుడు తాడు కావాలిగా" అన్నాడు బాబాయి. కావాలన్నాడు షాపతను. బాబాయి మొహం అప్పటికి విచ్చుకుంది.

రెండో విడత ఇచ్చే రోజున కూడా వాన కురిసింది, పనిగట్టుకుని వచ్చినట్టు. పిన్ని ముందు సీట్లో కూర్చుందన్న మాటే కానీ మనసంతా వెనక తొట్టిలోనే. "నేను కూడా వెనకెక్కి చూస్తూ వస్తానయ్యా" అంటే, "కుర్చీల్ని అప్పజెప్పమన్నారు, నిన్ను కాదు" అని ఎక్కనివ్వలేదు బాబాయి.

హాలుకి వెళ్లే దారి ఎత్తు మీదికి ఉంటుంది. సగం ఎత్తులో ముందు లారీ ఏదో ఆగిపోయింది. వీళ్ల బండి కూడా ముక్కు పైకెత్తుకుని వానలో నిలబడిపోయింది. అప్పుడు పిన్ని చటుక్కున బాబాయి భుజం పట్టుకుంది.

"ఏమయ్యా, షాపులో బండి చదునుగా ఉంది కదా."

"అయితే?"

"ఆ గొట్టాలు ముందు మూలల్లో ఉన్నాయి. ఇప్పుడు నీళ్లన్నీ వెనక్కి పోతాయి. వాలులో పెట్టి చూడాలని నాకు తట్టనే లేదు."

బాబాయి ఆవిడ మొహం చూశాడు. "నా తాళ్లున్న రోజుల్లో ఇంత ఆలోచన లేదు" అన్నాడు నెమ్మదిగా. పిన్ని నవ్వలేదు. లారీ కదిలేదాకా మెడ తిప్పి వెనక అద్దంలోంచి మూతనే చూస్తూ కూర్చుంది.

హాలు వరండా కిందికి బండి వెనక్కి పెట్టారు. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి వెనక డోరు దించగానే, మూత అంచున నిలిచిన నీళ్లు భళ్లున తన కాళ్ల మీదే పడ్డాయి. మేనేజరు కనుబొమలు పైకి లేచాయి. పిన్ని మాత్రం ఆయన్ని చూడలేదు. డోరు దగ్గర పరిచి ఉంచిన నల్ల రెగ్జిను మీదికి వంగింది. సుద్ద అంతా చల్లింది చల్లినట్టే ఉంది, ఎడమ మూల తప్ప. అక్కడ అరచెయ్యంత మేర నలుపు తేలింది.

"ఇదిగోండి, ఇక్కడ దిగింది" అంది పిన్ని, మేనేజరు చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి. "చూశారా, ఈ మూల ఒక్కటే. బీడింగు ఇక్కడ కాస్త పొట్టిగా కోశారు."

"నీకెవరు చెప్పమన్నారే" అని బాబాయి పళ్ల మధ్య నుంచి గొణిగాడు.

మేనేజరు ఆ మూలని చూశాడు. ఇనప కాళ్ల మీద ఎత్తుగా, ఆ తడికి దూరంగా ఉన్న ఎర్ర సీట్లని చూశాడు. బొటనవేలు పెట్టి నొక్కాడు. ఇంకో సీటు, ఇంకో వరస. వేలు పొడిగానే తిరిగొచ్చింది. తర్వాత ఒక వరస దింపించి, వరండాలోనే పెట్టించి, అందులో నిండుగా కూర్చుని, వెనక్కి వాలి, లేచి, ప్యాంటు వెనక చేత్తో తడుముకున్నాడు.

"బాగున్నాయి" అన్నాడు. "మీ తర్వాతి విడతే కాదు, బాల్కనీ కుర్చీలు కూడా మీరే చేయండి. ఎక్కడ కారిందో మీరే చూపించాక నేను ఇంక వెతికేదేముంది."

పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఎడమ మూల బీడింగు కిందికి చిటికెనవేలు దూర్చి, నీళ్లు ఎటునుంచి ఎటు తిరిగి వచ్చాయా అని చూస్తోంది.

"పిన్నిగారూ?" అన్నాడు మేనేజరు.

"విందిలెండి" అన్నాడు బాబాయి, తడిసిన చెప్పులు విదిలించుకుంటూ. "చెవిలోంచి బుర్రలోకి చేరడానికి కాస్త టైము పడుతుంది. ఈలోగా మనం కుర్చీలు దింపుకుందాం రండి."