ఫ్రెంచివాడి పందెం, మా అక్క నిమ్మకాయలు

ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, ఆదివారం సాయంత్రాలు మేం కొందరం కూడి పాత యూరప్ తత్వశాస్త్రం చదువుకుంటాం. చర్చి చెప్పిందే సత్యమన్న కాలం పోయి, ప్రతిదాన్నీ సందేహించి చూడమన్న కాలం ఎలా వచ్చిందన్నది మా పాఠం. మాకొక నియమం ఉంది. ఎవరి వాదననైనా ఖండించే ముందు దాన్ని వాళ్ల తరఫున చెప్పాలి. వాదన సొంతదారు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకోవాలి. చనిపోయిన తత్వవేత్తల తరఫున ఒప్పుకునే పని మా అధ్యక్షురాలిది. ఆవిడ రిటైరైన లెక్చరర్. ఆవిడ తలూపితేనే ఖండన. పట్టుబట్టి ఈ నియమం పెట్టించినవాణ్ణి నేనే.

మొన్న నా వంతు వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడొకడు విశ్వాసాన్ని పందెంగా చూపించాడు. దేవుడు ఉన్నదీ లేనిదీ బుద్ధికి తేలదు. నమ్మి బతికితే, దేవుడు ఉంటే దక్కేది అంతులేనిది, లేకపోతే పోయేది కొంచెమే. దీన్ని ఖండించాలి.

ఆ వారంలోనే మా అమ్మాయికి స్కూటర్ కొన్నాం. గోపాలపట్నం నుంచి దువ్వాడలో కాలేజీకి, హైవే మీద ట్రెయిలర్ లారీల మధ్య వెళ్లాలి. రెండు వీధుల అవతల ఉండే మా అక్క పొద్దున్నే నిమ్మకాయలు పట్టుకుని వచ్చింది. ముందు టైరు కింద పెట్టి తొక్కించాలట.

"నిమ్మకాయ చితికితే లారీకి బ్రేకు పడుతుందా అక్కా?"

"నాకేటి తెల్సురా? పడితే పిల్ల సల్లగుంటాది. పడకపోతే పోయేది నిమ్మకాయే గదా."

పందెం వాదన నడిచి నా వాకిట్లోకి వచ్చింది! చప్పట్లు కొట్టాను.

"ఏటిరా ఆ సంబరం? బేగి బండి తియ్యించు, పిల్లకి టైమవుతంది."

నిమ్మకాయలు తీసి గోడ మీద పెట్టేశాను. అమ్మాయి బండి తీసుకుని వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా అక్క గేటు దగ్గరే నిలబడింది.

ఆదివారం తనూ వస్తానంది. "నువ్వేటి సెప్తావో ఓసారి సూస్తాను. అందరూ బాగా సెప్తావంతన్నారు." ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, చివరి వరసలో అమ్మాయి పక్కన కూర్చుంది.

ఫ్రెంచివాడి వాదనను ఎంతో మర్యాదగా చెప్పాను. అతని భయాన్నీ, ఒంటరితనాన్నీ, లెక్కలోని అందాన్నీ ఏదీ తగ్గించలేదు. అధ్యక్షురాలు తలూపారు. తర్వాత అదే వాదన మా ఇంట్లో ఉందంటూ అక్క మాట ఎత్తుకున్నాను. చెయ్యి నడుం మీద పెట్టి, గొంతు సాగదీసి, "పోయేది నిమ్మకాయే గదా!" అన్నాను. హాలు ఘొల్లుమంది. మళ్లీ అన్నాను. ఆ యాస నాది కూడా. వేదిక ఎక్కే ముందు చెప్పుల్లాగా కింద విడిచి వెళ్తాను, అంతే. అక్క కూడా నవ్వుతుందనుకున్నాను.

అధ్యక్షురాలు నవ్వుతూనే అడిగారు. "ఈ రెండో వాదనకి సొంతదారు ఒప్పుకోవద్దూ?"

అమ్మాయి లేచింది. దాని ముఖంలో నవ్వు లేదు. "ఇక్కడే ఉన్నారు మేడమ్. మా అత్త."

అధ్యక్షురాలి ముఖం మారిపోయింది. "అమ్మా, మీరన్నది అదేనా?" అని మెల్లగా అడిగారు.

అక్క కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. "నానన్నది అదే మేడమ్‌గారూ. ఇంత నవ్వొచ్చే మాటని తెల్దు."

నా చేతిలో ఖండన సిద్ధంగా ఉంది. పదునైన ఖండన. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మూడు వందల యాభై ఏళ్ల కిందటి పరాయివాడికి ఇచ్చిన మర్యాదలో పిసరంతైనా నాతో కలిసి పెరిగిన మనిషికి ఇవ్వలేదు. ఇద్దరిదీ ఒకే వాదనని నిరూపించింది నేనే. ఒకరిని తత్వవేత్తను చేశాను, ఇంకొకరిని వేళాకోళం చేశాను.

నిమ్మకాయ లారీని ఆపదు. ఇప్పటికీ అంటాను, రేపూ అంటాను. అది అనడానికి అక్క గొంతును వెక్కిరించాల్సిన పని లేదు.

తిరుగు బస్సులో అక్క అమ్మాయితో దాని కాలేజీ కబుర్లు మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. తర్వాత మా ఇంటికి రావడమూ మానేసింది. నేనే వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అక్కా, ఆ రోజు నువ్వన్న మాట మళ్లీ నీ నోటితో చెప్పు. ఈసారి వింటాను."

తలెత్తకుండానే అడిగింది. "ఏటి, మళ్లీ మీటింగుందా?"

ఉంది. ఆదివారమే.