కుంటలో కడిగిన డబ్బా

నా చిన్నప్పుడు సత్తెనపల్లి పక్కన మా ఊళ్ళో, పత్తికి పచ్చపురుగు పట్టి ఊరంతా మందు వాసన కొట్టే రోజుల్లో, ఇంటింటా ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉండేది. పురుగుమందు అయిపోయాక దాన్ని కడుక్కుని కిరసనాయిలుకో, చేలోకి మంచినీళ్ళకో వాడుకునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఒక్కటీ మిగిలేది కాదు. మా నాయనమ్మ డబ్బా కడిగిన నీళ్ళు కూడా మందుకొట్టే పంపులోనే పోయించి చేలోనే కొట్టించేది. ఆ తర్వాత గునపంతో డబ్బాకు నాలుగు పోట్లు పొడిచేది. నిక్షేపంలాంటి డబ్బాను పాడుచేస్తోందని నాకు ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళకే అన్నీ తెలుసనుకునే మొండిఘటాన్ని మరి.

ఒకనాటి పొద్దున ఆవిడ చూడకుండా ఒక డబ్బా ఎత్తుకెళ్ళాను. బడికి అందులో నీళ్ళు పట్టుకెళ్ళాలని నా ఆశ. అడుగున కాస్త మందు ఇంకా ఉంది. వానల్లేక ఊరి కుంట ఎండిపోయి, పశువుల రేవు దగ్గర చిన్న మడుగే మిగిలింది. అక్కడ కూర్చుని బూడిదతో తోమి తోమి మూడుసార్లు కడిగాను. ఎంత శుభ్రంగా కడుగుతున్నానో అని మురిసిపోయాను కూడా. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కాసేపటికి చిన్న చేపలు వెల్లకిలా తేలాయి. తలెత్తి చూస్తే, అవతలి ఒడ్డున పక్కింటి పిన్నమ్మ గేదె మూతి పెట్టి తాగుతోంది.

అది చూడి గేదె. మొగుడు పోయిన పిన్నమ్మకీ, ఆవిడ ఇద్దరు పిల్లలకీ ఉన్న ఆధారమంతా అదే. అదిలించాలని కూడా తోచలేదు నాకు. డబ్బా తుమ్మ పొదలోకి విసిరేసి, ఇంటికి పరుగెత్తి ధాన్యం బస్తాల వెనక నక్కాను. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే డాక్టరొచ్చేవాడు. ఆ సంగతి అప్పుడూ తెలుసు నాకు.

మధ్యాహ్నానికి గోల మొదలైంది. గేదె నురగలు కక్కుతూ పడిపోయిందట. మా నాయనమ్మ నన్ను బయటికి లాగి, నా చేతులు వాసన చూసింది. "ఎక్కడే?" అంది. కుంటలో అన్నాను. కొట్టలేదు. ముందు నా చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగింది. నాన్నను పశువుల డాక్టరు కోసం పంపి, నా రెక్క పట్టుకుని పిన్నమ్మ ఇంటికి నడిచింది.

పిన్నమ్మ గేదె తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. "ఏ పాపిష్టోళ్ళు చేశారో, వాళ్ళ చెయ్యి పడిపోను!" అంది. నా కుడిచెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. అప్పుడు మా నాయనమ్మ, "నేనేనే అమ్మాయ్. బుద్ధి గడ్డి తిని నేనే డబ్బా కడిగాను" అంది. ఊరంతా ఆవిడ మీద విరుచుకుపడింది. నేను ఆవిడ చీర వెనక్కి నక్కాను.

డాక్టరు సూదులు వేశాడు. పొద్దు వాలేదాకా ఆ గేదె డొక్క ఎగసిపడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ భయం పగవాళ్ళకు కూడా వద్దు. దీపాలు పెట్టే వేళకు అది లేచి నిలబడింది. ఆ తర్వాత కుంటకు మళ్ళీ వాన నీరు వచ్చేదాకా మా నాయనమ్మ కర్ర పట్టుకుని గట్టున కూర్చుని పశువులను మళ్ళించింది. మా బోరు నీళ్ళు బిందెలతో పిన్నమ్మ గేదెకు మోసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి డబ్బా ఖాళీ అయినప్పుడు మాత్రం గునపం నా చేతికిచ్చి, "పొడు" అంది.

పదేళ్ళకు మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. డాక్టర్లు బీపీ అన్నారు. కాబోలు. ఆ తర్వాత బతికిన రెండేళ్ళూ ఆవిడకు అన్నం కలిపి తినిపించింది నేనే. ముద్ద ముద్దకీ పిన్నమ్మ శాపం చెవిలో మోగేది. ఒకసారి ఏడుస్తూ, అది నా చేతికి తగలాల్సిందని అనేశాను. ఆవిడ ఎడమచేత్తో నా వేళ్ళు పట్టుకుని, చిన్నప్పటిలాగే వాసన చూసి, "పప్పు వాసనే" అని నవ్వింది.

ఇప్పటికీ మా ఇంట్లోంచి యాసిడ్ డబ్బా గానీ, చెదలమందు డబ్బా గానీ మేకు దింపకుండా బయటికి పోదు. పిల్లలు చాదస్తమంటారు. మేకు దింపాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాను. తుడుచుకునే ముందు వాసన చూసుకుంటాను.