గుర్వమ్మ చిక్కటి పాలు

గుర్వమ్మ గురించి చెప్పాలంటే నా సిగ్గు గురించి గూడ చెప్పాలె. కొత్తకోట అవతల మా ఊళ్ళె ముప్పై ఏండ్ల సంది రెండు బర్లు పెట్టుకొని ఇంటింటికి పాలు పోసే మనిషి. తల్లి లేని మనవరాలు ఉమారాణిని ఆ పాల మీదనే సాకుతాంది. పాలల్ల నీళ్ళు కలుపుతదని ఎవ్వలూ ఒక్క మాట అనలేదు, నేను అనేదాక.

నేను ఆ ఊరి బడిల సైన్సు సారును, ఎల్లస్వామిని. నోటిదురుసు జర ఎక్కువ నాకు.

పోయినేడు ఒకనాడు ఏడో తరగతి పిల్లలను బడి వంటగదిలకు తీస్కపోయిన. గ్లాసుల బెల్లం పాకం పోసి, దాని మీద నీళ్ళు, ఆ మీద నూనె మెల్లగ పోసిన. మూడూ కలువకుంట వరుసగ నిలవడ్డయి. "సాంద్రత అంటే చిక్కదనం. చిక్కటిది కిందికి పోతది" అన్న.

ఉమారాణి లేచింది. "సార్, నూనె నీళ్ళకంటె చిక్కగుంటది గద, మరి మీదికెందుకొచ్చింది?"

"తెలివి ఎక్కువైంది నీకు, కూసో" అన్న. గంతటితోని ఆగితే అయిపోతుండె.

పాలకేంద్రం గోపాల్ దగ్గర పాలు పరీక్షచేసే గాజుపుల్ల అడిగి తెచ్చి ఉంచిన. నీళ్ళు కలిసిన పాలల్ల అది లోపటికి దిగుతది. ప్యాకెట్ పాలల్ల వేస్తే మంచిగ నిలవడ్డది. గుర్వమ్మను గూడ బడి పిల్లలకని పాలు తెమ్మని ముందే చెప్పిన. ఆమె తెచ్చిన పాలల్ల వేస్తే, బుడుంగున దిగింది.

"ఏందవ్వా, పిల్లల పాలల్ల గూడ నీళ్ళేనా?" అన్న, అందరి ముంగట.

"అయ్యో, లేదు సారూ! ఆఖరుకు పిండిన పాలు. చిక్కగుంటయి, పిల్లలకు మంచిదని వేరుగ పట్టి తెచ్చిన."

"నువ్వు అబద్ధమాడితె ఆడుతవుగని, గాజుపుల్ల ఆడదు."

పిల్లలు పక్కున నవ్విన్రు. ఉమారాణి నవ్వలే. గుర్వమ్మ పాలచెంబు మీద కొంగు కప్పుకొని పోయింది.

పొద్దుగూకాల గాజుపుల్ల వాపసియ్య పోయి, గోపాల్‌కు గొప్పగ చెప్పిన. వాడు నెత్తి కొట్టుకున్నడు. "ఎంత పనిజేసినవ్ సారూ! బర్రెను ఆఖరుకు పిండితె వచ్చేది మీగడ పాలు. మీగడ నీళ్ళకంటె తేలిక. గసొంటి పాలల్ల గూడ ఇది దిగుతది. గందుకే మేము వెన్న గూడ చూస్తం."

చిక్కదనం వేరు, బరువు వేరు. ఏడో తరగతి పిల్ల అడిగిన ముచ్చట నాకు అప్పుడు తెలిసింది. మా తాన ఆఖరి పాలు ఇంట్ల పిల్లలకే ఉంచుకుంటరు, అమ్మరు. ఆమె నా బడి పిల్లలను ఇంటి పిల్లలనుకున్నది.

మర్నాడే చెప్పాలె. చెప్పలే. సారు తప్పు చెప్పిండంటె ఇజ్జత్ పోతదని పది దినాలు నోరు మూసుకున్న. ఈలోపల పిల్లల నోట ఇని నాలుగిండ్లోల్లు ఆమె పాలు బందు పెట్టిన్రు. ఉమారాణి బడికి రావుడు మానేసింది.

పదకొండో దినం పొద్దుగాల వాళ్ళింటికి పోయిన. నన్ను చూడంగనే గుర్వమ్మ బెదిరింది. నేను మళ్ళ పరీక్షకు వచ్చిననుకున్నదో ఏమో, గబగబ ఖాళీ పాలగిన్నె తెచ్చి నా ముంగట బోర్లించింది. "చూడు సారూ, సుక్క నీళ్ళు లేవు. నీ కండ్ల ముంగటనే పిండుత."

"వద్దవ్వా, తప్పు నాది. నీ పాలు మంచియే, నాకే చదువు రాలే" అన్న.

"గా మాట నాకెందుకు సారూ? ఎక్కడన్నవో గక్కడ చెప్పు."

ఆనాడే పిల్లలందరి ముంగట, బందు పెట్టిన నాలుగిండ్ల ముంగట చెప్పిన. ఉమారాణి బడికొచ్చింది. ఆ ఇండ్లోల్లు మళ్ళ పాలు పోయించుకుంటున్నరు.

కని ఇప్పటికి గూడ గుర్వమ్మ ఎవలు ఇంటికి పాలకొచ్చినా పిండే ముందు గిన్నె బోర్లించి చూపిస్తది. వద్దవ్వా అంటే ఇనదు.